మా ఊరి రెండు ఓట్లు

2025 సెప్టెంబరు 9న ఉపరాష్ట్రపతి ఎన్నిక జరిగింది. అంతకు ముందు మూడు వారాలూ మన టీవీల్లో, ఫోన్లలో ఒకటే మాట. తెలుగువాడు పోటీ చేస్తున్నాడు కాబట్టి తెలుగు పార్టీలన్నీ ఆయనకే వెయ్యాలని. ప్రతిపక్షాల అభ్యర్థి జస్టిస్ బి. సుదర్శన్ రెడ్డి. తెలంగాణ ముఖ్యమంత్రి స్వయంగా ఆ విజ్ఞప్తి చేశారు. ఆంధ్రప్రదేశ్‌లో ఒకరి ముఖం ఒకరు చూసుకోని పార్టీలు రెండూ మాత్రం సి.పి. రాధాకృష్ణన్ పక్కనే నిలబడ్డాయి. ఆయనకు 452, సుదర్శన్ రెడ్డి గారికి 300. మర్నాటికి అందరూ మర్చిపోయారు.

ఆ మూడు వారాలూ నాకు 1969 గుర్తుకొస్తూనే ఉండింది. ఆ ఏడాది రాష్ట్రపతి ఎన్నికలో ‘తెలుగువాడికి వెయ్యండి’ అనడానికి ఎవరికీ వీల్లేకపోయింది. గెలిచినా తెలుగువాడే, ఓడినా తెలుగువాడే. ఒకరు అనంతపురం జిల్లా ఇల్లూరులో పుట్టిన నీలం సంజీవరెడ్డి, లోక్‌సభ స్పీకరు. ఇంకొకరు బరంపురంలో తెలుగింట పుట్టిన వి.వి. గిరి, ఉపరాష్ట్రపతి. మూడో అభ్యర్థి సి.డి. దేశ్‌ముఖ్ మరాఠీ ఆయనే గానీ ఆయన భార్య మన దుర్గాబాయి. అంటే తెలుగింటి అల్లుడు. అప్పటికి రెండేళ్ల కిందట, 1967లో, రాజమండ్రికి చెందిన కోకా సుబ్బారావు సుప్రీంకోర్టు ప్రధాన న్యాయమూర్తి పదవికి రాజీనామా ఇచ్చి ప్రతిపక్షాల తరఫున జాకిర్ హుసేన్ మీద పోటీ చేసి ఓడిపోయారు. తెలుగువాళ్లకి రాష్ట్రపతి ఎన్నిక అంత దగ్గరగా వచ్చిన కాలం మళ్లీ రాలేదు.

అయినా ఈ ఎన్నికలో మామూలు మనిషికి ఓటు లేదు. ఎంపీలు, ఎమ్మెల్యేలు వేస్తారు, మనం పేపర్లో చదువుతాం. అలాంటప్పుడు ఒక పార్టీని నమ్ముకున్న పల్లెటూరి ఓటరుకి ఆ నెలరోజులు నిద్ర ఎందుకు పట్టలేదు? నాకు తెలిసిన అలాంటి ఓటరు ఒకాయన ఉన్నాడు. మా నాయన.

మాది నెల్లూరు జిల్లాలో అల్లూరు దాటి సముద్రం వైపు పోయే దారిలో చిన్న ఊరు. మాగాణి కొంత, ఉప్పు కయ్యలు కొంత, అవతల పట్టపుపాలెం, దాని వెనక సముద్రం. మా నాయనకి మూడెకరాల మాగాణి ఉండేది. అక్షరాలు కూడబలుక్కుని చదివేవాడు కానీ పేపరు చదివేంత ఓపిక ఉండేది కాదు. ఆ పని నాది. నాకప్పుడు పదకొండేళ్లు. ఊళ్లోకి ఒక రోజు ఆలస్యంగా వచ్చే దినపత్రిక, నెల్లూరు నుంచి వారానికోసారి వచ్చే ‘జమీన్ రైతు’, రెండూ సాయంత్రం అరుగు మీద నేను గట్టిగా చదవాలి. వినేవాళ్లు నలుగురైదుగురు ఉండేవాళ్లు. నేను చదివిన మాటలు సగం నాకే తెలియవు.

మా నాయన జోడెద్దుల మనిషి. ఇప్పటివాళ్లకి ఈ మాట విడమర్చి చెప్పాలి. 1952లో మొదటి సాధారణ ఎన్నికల నుంచి కాంగ్రెసు గుర్తు కాడి కట్టిన ఎద్దుల జత. అక్షరం రానివాళ్లకి పార్టీ అంటే ఆ బొమ్మే. మా తాత 1921లో గాంధీగారు పల్లిపాడు ఆశ్రమానికి వచ్చినప్పుడు పెన్న ఒడ్డున నిలబడి చూసినవాడంట. ఆ చూపు మా ఇంట్లో ఆస్తిలాగా తండ్రి నుంచి కొడుక్కి వచ్చింది. ఎవరు నిలబడ్డారనేది మా నాయన ఎప్పుడూ అడగలేదు. ఎద్దులు యాడుండాయో చూసి ముద్ర కొట్టి వచ్చేవాడు.

ఎదురుపక్షం కూడా ఇంట్లోనే ఉండేది. మా మేనమామ కమ్యూనిస్టు. పుచ్చలపల్లి సుందరయ్య పుట్టిన అలగానిపాడు మాకు దగ్గరే. పెన్న డెల్టాలో కూలిరేట్ల గొడవలు, బంజరు భూముల గొడవలు ఎర్రజెండాతోనే నడిచేవి. 1964లో కమ్యూనిస్టు పార్టీ రెండుగా చీలినప్పుడు మామ సుందరయ్య వైపు ఉండిపోయాడు. బావా బావమరుదులు అరుగు మీద అరుచుకోని సాయంత్రం ఉంటే మా అమ్మకి అనుమానం వచ్చేది, ఒంట్లో బాగాలేదేమోనని.

1969 మే 3న రాష్ట్రపతి జాకిర్ హుసేన్ పదవిలో ఉండగానే చనిపోయారు. గిరి తాత్కాలిక రాష్ట్రపతి అయ్యారు. జులైలో బెంగళూరులో కాంగ్రెసు పెద్దలు సమావేశమై సంజీవరెడ్డి పేరు ఖాయం చేశారు. కామరాజ్, ఎస్.కె. పాటిల్, నిజలింగప్ప, మొరార్జీ దేశాయ్, వీళ్లందరినీ పేపర్లు ‘సిండికేట్’ అని రాసేవి. ఇందిరాగాంధీకి ఆ పేరు ఇష్టం లేదు. జగ్‌జీవన్ రామ్ పేరు చెప్పింది, నెగ్గలేదు. చివరికి సంజీవరెడ్డి నామినేషన్ పత్రం మీద తనే ప్రతిపాదిస్తూ సంతకం పెట్టింది. గిరి స్వతంత్రంగా నిలబడతానని ప్రకటించారు.

ఇక్కడ నెల్లూరువాళ్ల సంగతి ఒకటి చెప్పాలి. సంజీవరెడ్డి అంటే మా నాయనకి మంట. ఆయన చేసిన చెడు ఏదో ఉందని కాదు. 1955లో ఆంధ్ర రాష్ట్ర ముఖ్యమంత్రి మా బుచ్చిరెడ్డిపాళెం మనిషి బెజవాడ గోపాలరెడ్డి. శాంతినికేతన్‌లో చదివినవాడు, టాగోర్‌ని తెలుగులోకి తెచ్చినవాడు. సంజీవరెడ్డి ఆయన కింద ఉపముఖ్యమంత్రి. 1956 నవంబరులో ఆంధ్రప్రదేశ్ ఏర్పడగానే పీట మారింది. సంజీవరెడ్డి ముఖ్యమంత్రి అయ్యారు, గోపాలరెడ్డి ఆయన మంత్రివర్గంలో మంత్రిగా కూర్చున్నారు. రాజకీయాల్లో ఇది మామూలే. కానీ మా వైపు దాన్ని ఇంటిగుట్టులాగా చెప్పుకునేవాళ్లు. “మనోడి కుర్చీ” అనేవాడు మా నాయన పదమూడేళ్ల తర్వాత కూడా. 1964లో బస్సురూట్ల జాతీయీకరణ కేసులో సుప్రీంకోర్టు చేసిన వ్యాఖ్యలకి సంజీవరెడ్డి ముఖ్యమంత్రి పదవి వదులుకున్నప్పుడు మాత్రం, “ఆ ఒక్కటీ మగోడి పని” అన్నాడంట.

ఇప్పుడా మనిషి పార్టీ అభ్యర్థి. మా నాయన రెండు రోజులు మాట్లాడలేదు. మూడో రోజు పేపరు చదువుతుంటే, “సరే, మనోడే కదా” అన్నాడు. గోపాలరెడ్డి ‘మనోడు’ నుంచి సంజీవరెడ్డి ‘మనోడు’ దాకా ఆయన ఎలా నడిచి వచ్చాడో ఆ వయసులో నాకు అర్థం కాలేదు. పార్టీమనిషి అంటే ఇదేనని తర్వాత తెలిసింది. ఇష్టమైనవాడికి ఓటెయ్యడం ఎవరైనా చేస్తారు. ఇష్టం లేనివాడిని కూడా మన పార్టీవాడు కాబట్టి మింగడం, మింగి అరిగించుకోవడం పార్టీమనిషి పని.

ఆ జులై నెలలో వార్తలు ఒకదాని మీద ఒకటి వచ్చి పడ్డాయి. 16న మొరార్జీ దగ్గర్నుంచి ఆర్థికశాఖ తీసేశారు. 19న పద్నాలుగు పెద్ద బ్యాంకుల జాతీయీకరణ. ఆ ఆర్డినెన్సు మీద తాత్కాలిక రాష్ట్రపతిగా సంతకం పెట్టింది గిరి. మర్నాడే ఆయన రాజీనామా చేసి పోటీకి దిగారు. ఉపరాష్ట్రపతి కూడా లేకపోవడంతో ప్రధాన న్యాయమూర్తి హిదయతుల్లా తాత్కాలిక రాష్ట్రపతి అయ్యారు. అదే రోజుల్లో చంద్రుడి మీద మనిషి కాలుపెట్టాడన్న వార్త కూడా నేనే చదివాను. మా అరుగు మీద దానికి పెద్దగా విలువ దక్కలేదు.

బ్యాంకుల సంగతే పెద్ద గొడవ. మామ ఆనందానికి అంతులేదు. 1954లో నెహ్రూ మంత్రివర్గంలో కార్మికమంత్రిగా ఉన్న గిరి, బ్యాంకు ఉద్యోగుల జీతాల తీర్పును ప్రభుత్వం మార్చిందని పదవి వదిలేసి వచ్చిన మనిషి. అంతకు ముందు రైల్వే కార్మికుల సంఘం నడిపినవాడు. 1937లో బొబ్బిలి రాజాని బొబ్బిలిలోనే ఓడించినవాడు. మామకి ఇంతకంటే ఏం కావాలి? రెండు కమ్యూనిస్టు పార్టీలూ గిరి పక్కనే చేరాయి. అయిదేళ్లుగా మొహాలు చూసుకోనివాళ్లు ఒకే మనిషికి జై కొడుతున్నారు. మా నాయన మాత్రం, “నెల్లూరు బ్యాంకులోకి నేనెప్పుడన్నా అడుగుపెట్టినానా? అది సర్కారుదైతే నాకేంది, సేటుదైతే నాకేంది?” అనేవాడు. అప్పు కావాలంటే ఆయనకి ఊళ్లో షావుకారే దిక్కు. కానీ ఆ మాట అన్నాక కాసేపు ఆలోచించేవాడు. ఇందిరమ్మ చేసిన పని మంచిదే అనిపించింది ఆయనకి. అదే చిక్కు. పని చేసిన మనిషి ఒకవైపు, పార్టీ నిలబెట్టిన మనిషి ఒకవైపు.

ఊళ్లో ఈ ఎన్నికని అందరికీ వివరించింది మా బడి అయ్యవారు. ఆయన చెప్పిన లెక్క ఇదీ. 1961 జనాభా లెక్క ప్రకారం రాష్ట్రంలో 3 కోట్ల 59 లక్షల మంది. శాసనసభ్యులు 287 మంది. ఒక్కో సభ్యుడి వాటాకి వచ్చే జనాన్ని వెయ్యితో భాగిస్తే 125. అంటే మన ఎమ్మెల్యే వేసే ఒక్క ఓటు 125 ఓట్ల కింద లెక్క. ఎంపీ ఓటు విలువ 576. “కాబట్టి వెయ్యిమంది మనుషులకి ఒక ఓటు. మన ఊళ్లో రెండువేలమంది ఉంటారు. మన ఊరికి రెండు ఓట్లు” అన్నాడు అయ్యవారు.

ఈ లెక్క మా నాయనని పట్టుకుంది. రెండు ఓట్లు! తన పేరు మీద లేకపోయినా ఊరి పేరు మీద ఉన్నాయి. అవి మోసుకుపోయి వేసేది ఎమ్మెల్యే. జోడెద్దులకి ముద్ర కొట్టి పంపిన తన ఓటే అక్కడ రెండో జన్మ ఎత్తుతుందని ఆయన నమ్మాడు. అప్పటినుంచీ ఆ ఎన్నిక ఢిల్లీది కాదు, ఆయనదే.

రెండో ప్రాధాన్య ఓటు అంటే ఏమిటో కూడా అయ్యవారే చెప్పాడు. సంతలో మొదట బేరమాడిన ఎద్దు దక్కకపోతే రెండో దాన్ని పట్టుకొస్తాం చూడండి, అట్లా. ఈ రెండో ఎద్దు దగ్గరే అసలు కథ తిరిగింది. స్వతంత్ర పార్టీ, జనసంఘం మొదటి ఓటు దేశ్‌ముఖ్‌కి వేస్తున్నాయి. మన రాష్ట్ర శాసనసభలో 1967 ఎన్నికల్లో కాంగ్రెసుకి 165 వస్తే స్వతంత్రకి 29 వచ్చాయి, కాబట్టి అవి తీసిపారేసే ఓట్లు కావు. ఆ పార్టీల రెండో ఓటు సంజీవరెడ్డికి వెయ్యమని అడగడానికి కాంగ్రెసు అధ్యక్షుడు నిజలింగప్ప వాళ్ల నాయకులతో మాట్లాడారు. ఇది బయటపడగానే జగ్‌జీవన్ రామ్, ఫక్రుద్దీన్ అలీ అహ్మద్ ఆయన్ని సంజాయిషీ అడిగారు. మతతత్వ పార్టీలతో చేతులు కలిపితే ఎలా, సభ్యులకి స్వేచ్ఛ ఇవ్వండి అన్నారు. నిజలింగప్ప విప్ జారీ చెయ్యమని అడిగారు, ఇందిరాగాంధీ ఒప్పుకోలేదు. సభ్యులు మనస్సాక్షి చెప్పినట్టు ఓటు వేసుకోవచ్చని తేల్చిచెప్పింది.

తెలుగు పేపర్లు దీనికి పెట్టిన పేరు ‘ఆత్మప్రబోధం’. ఆ మాట మా అరుగు మీద మొదటిసారి చదివిన రోజు నాకు బాగా గుర్తుంది. పలకలేక రెండుసార్లు తడబడ్డాను. మా నాయన మళ్లీ చదవమన్నాడు. చదివాను.

“ఆయమ్మే కదరా కాయితం మీద సంతకం పెట్టింది?”

“అవును నాయనా.”

“పెట్టినాక ఈ ఆత్మ యాడ నించి వచ్చింది?”

మామ పగలబడి నవ్వాడు. “మీవోళ్లే మీవోడికి ఎయ్యమాకండి అంటుండారే బావా! ఇంక మేమెందుకు, మీరు చాలు మీకు” అన్నాడు. మా నాయన ఎప్పటిలా ఎదురు అరవలేదు. లేచి కొట్టంలోకి పోయాడు.

సంజీవరెడ్డి మీద ఆయనకున్న మంట ఆ రోజుతో ఆరిపోయిందనుకుంటాను. ఇష్టం లేని మనిషిని పార్టీ కోసం మింగినవాడు ఆయన. ఆ పార్టీని నడిపే మనిషే ఇప్పుడు, మింగక్కర్లేదు, ఉమ్మెయ్యండి అంటోంది. అంతవరకు కష్టపడి మింగినవాడికి ఎట్లా ఉంటుంది? రెండు రోజుల తర్వాత భోజనం దగ్గర అన్నాడు, “ఆత్మప్రబోధం పెద్దోళ్లకేనా? 56లో గోపాలరెడ్డిని దించినప్పుడు నన్నెవరన్నా అడిగినారా, నీ ఆత్మ ఏమంటుందిరా అని?” అమ్మ మజ్జిగ పోస్తూ, “మీ ఆత్మ సంగతి తర్వాత, ఎడగారు పైరుకి నీళ్లు రాలేదంట, పోయి చూడండి” అంది.

నేను చదివిన చరిత్ర పుస్తకాల్లో 1969 అంటే సిండికేటుకీ ఇందిరకీ జరిగిన అధికారపోరు. పాత తరం కాంగ్రెసుకీ కొత్త సోషలిస్టు నినాదానికీ జరిగిన తగువు. రెండూ నిజమే. కానీ కాంగ్రెసు ఓటరు ఎక్కడా కనిపించడు. అప్పటికి కాంగ్రెసుకి ఓటేసిన కోట్లమందిలో చాలామందికి పార్టీ, గుర్తు, నాయకుడు, ఈ మూడూ ఒకటే. ఆ మూడూ వేరువేరని వాళ్లకి చెప్పిన మొదటి ఎన్నిక ఇదే. అదీ వాళ్లకి ఓటు లేని ఎన్నిక.

ఆగస్టు 16 శనివారం పోలింగ్. ఢిల్లీలోనూ, రాష్ట్రాల శాసనసభల్లోనూ వేశారు. రహస్య ఓటు. హైదరాబాదులో అప్పుడు ప్రత్యేక తెలంగాణ ఉద్యమం మండుతోంది, ముఖ్యమంత్రి కాసు బ్రహ్మానందరెడ్డి కుర్చీ కిందనే మంట. మన ఎమ్మెల్యే మన రెండు ఓట్లూ ఎవరికి వేశాడని మా నాయన అడగని మనిషి లేడు. ఎవరికి మాత్రం ఎలా తెలుస్తుంది?

20వ తేదీ బుధవారం లెక్కింపు. పంచాయతీ ఆఫీసు రేడియో దగ్గర జనం. బ్యాలెట్ మీద పదిహేనుమంది పేర్లున్నా లెక్కకొచ్చింది ముగ్గురే. మొదటి ప్రాధాన్య ఓట్లలో గిరికి 4,01,515. సంజీవరెడ్డికి 3,13,548. దేశ్‌ముఖ్‌కి 1,12,769. గెలవాలంటే 4,18,169 రావాలి. ఎవరికీ రాలేదు. మన దేశంలో రాష్ట్రపతి ఎన్నిక రెండో ప్రాధాన్య ఓట్లతో తేలింది అప్పుడొక్కసారే. కింద ఉన్నవాళ్లని ఒక్కొక్కరినే తీసేసి, చివరికి దేశ్‌ముఖ్ ఓట్లు పంచాక గిరికి 4,20,077, సంజీవరెడ్డికి 4,05,427. తేడా 14,650.

ఈ అంకెల్ని ఒకసారి పక్కపక్కన పెట్టి చూడండి. రెండో ప్రాధాన్యాల వల్ల సంజీవరెడ్డికి కలిసినవి 91,879. గిరికి కలిసినవి 18,562. అంటే నిజలింగప్ప ఎవరి దగ్గరికైతే పోయి చెడ్డపేరు తెచ్చుకున్నారో, వాళ్లు మాట నిలబెట్టుకున్నారు. స్వతంత్ర, జనసంఘం ఓట్లు ఎక్కువ భాగం కాంగ్రెసు అభ్యర్థికే వచ్చాయి. రానిది కాంగ్రెసు ఓట్లే. ఆ తేడా అంతా కలిపితే పాతికమంది ఎంపీల ఓట్లు.

అయ్యవారు ఈ లెక్క నల్లబల్ల మీద వేసి చూపించాక మా నాయన ఒకటే అన్నాడు. “పరాయోళ్లు ఏసినారు. మనోళ్లు ఎయ్యలా.”

మామ ఆ సాయంత్రం ఊరంతా తిరిగాడు కానీ మా ఇంటికి రాలేదు. గిరి గెలుపు కాంగ్రెసు ఓటమి అయితే ఆయన తప్పకుండా వచ్చేవాడు. ఈ గెలుపుని ఏమనాలో ఆయనకీ తెలియలేదనుకుంటాను. గెలిచిన మనిషి కాంగ్రెసులో పుట్టినవాడు, గెలిపించింది కాంగ్రెసు ప్రధాని, తన పార్టీ ఓట్లు అందులో కలిశాయి.

నవంబరు 12న కాంగ్రెసు పార్టీ ఇందిరాగాంధీని బహిష్కరించింది. పార్టీ రెండు ముక్కలు. ఎంపీలు ఎక్కువమంది ఆమె వెనకే పోయారు. ఈశాన్యపు వానల్లో గొడుగేసుకుని మామ వచ్చాడు. అరుగు మీద కూర్చుని చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత అన్నాడు, “మాకు 64లో అయింది బావా. ఎట్టుంటదో నాకు తెలుసు.” వాళ్లిద్దరి మధ్య రాజకీయాల గురించి నేను విన్న మాటల్లో ఎగతాళి లేనిది అదొక్కటే.

చీలిక తర్వాత మా నాయన్ని ఎక్కువ బాధపెట్టిన సంగతి ఏమిటంటే ఎద్దులు పోవడం. పార్టీ ఎవరిదన్న తగాదా ఎన్నికల సంఘానికీ, కోర్టుకీ వెళ్లింది. చివరికి జోడెద్దుల గుర్తు ఎవరికీ దక్కలేదు. 1971 మార్చిలో లోక్‌సభ మధ్యంతర ఎన్నికలు వచ్చేసరికి ఇందిర కాంగ్రెసు గుర్తు ఆవూ దూడా. పాత కాంగ్రెసుకి చరఖా తిప్పే స్త్రీ. మన రాష్ట్రంలో 41 సీట్లకి 28 ఆవూదూడా గెలుచుకుంది.

అందులో మా నాయన ఓటు కూడా ఉంది. బూత్ నుంచి వచ్చి చెప్పులు విడుస్తూ, “ఎద్దులు లేవురా. ఆవూ దూడా ఉండాయి. అవీ మన కొట్టంలోవే కదా, ఏసొచ్చినా” అన్నాడు. సంజీవరెడ్డి కోసం ఏడాదిన్నరగా ఇందిరని తిట్టినవాడు. ఇది అవకాశవాదమా, విధేయతా? నేను చాలాకాలం దీని గురించి ఆలోచించాను. బ్యాంకులు, రాజభరణాల రద్దు, గరీబీ హఠావో, ఇవన్నీ ఆయన మీద పనిచేసి ఉండొచ్చు. చరఖా వైపు పోతే స్వతంత్రవాళ్లతో కలిసి నడవాలి, అది ఆయనకి చేతకాని పని. అన్నిటికంటే, ఊళ్లో తనతోపాటు ఎద్దులకి ముద్ర కొట్టినవాళ్లందరూ ఆవు వైపు నడిచారు. ఆయనకి పార్టీ అంటే వాళ్లు. గుర్తు విరిగిపోతే మనుషుల వెంట పోయాడు.

మరి ఆత్మప్రబోధం ఏమైంది? ఆ ఎన్నిక మీద సుప్రీంకోర్టులో కేసు నడిచింది. పోలింగుకి ముందు పార్లమెంటు సెంట్రల్ హాల్లో సంజీవరెడ్డిని నీచంగా దూషిస్తూ పేరులేని కరపత్రం పంచారన్నది అందులో పెద్ద ఆరోపణ. గిరి రాష్ట్రపతి హోదాలో ఉండగానే స్వయంగా కోర్టుకి వచ్చి సాక్ష్యం చెప్పారు. 1970లో కేసు కొట్టేశారు. పార్టీ సభ్యుల మనస్సాక్షికి తలుపు తీసిన నాయకత్వం తర్వాత ఆ తలుపు మూసేసింది. స్వేచ్ఛ ఇవ్వమని నిజలింగప్పని అడిగిన ఇద్దరిలో ఫక్రుద్దీన్ అలీ అహ్మద్ 1974లో రాష్ట్రపతి అయ్యారు. 1975 జూన్ 25 రాత్రి ఎమర్జెన్సీ ప్రకటన మీద సంతకం ఆయనదే. రెండో ఆయన జగ్‌జీవన్ రామ్ 1977 ఫిబ్రవరిలో ఇందిరని వదిలి బయటకి వచ్చారు.

1977లో దేశమంతా కాంగ్రెసు కూలిపోతే ఆంధ్రప్రదేశ్ మాత్రం 42లో 41 ఆ పార్టీకే ఇచ్చింది. మిగిలిన ఆ ఒక్క సీటు నంద్యాల. అక్కడ గెలిచిన జనతా అభ్యర్థి నీలం సంజీవరెడ్డి. మళ్లీ స్పీకరు. జులైలో మళ్లీ రాష్ట్రపతి ఎన్నిక. 37 మంది నామినేషన్లు వేస్తే 36 తిరస్కరించారు. ఎనిమిదేళ్ల కిందట 14,650 ఓట్లతో తప్పిపోయిన పదవి ఈసారి ఒక్క ఓటు కూడా పడకుండానే వచ్చింది. నేనప్పుడు చదువుకోసం ఊరు వదిలి ఉన్నాను. సెలవులకి పోయినప్పుడు ఆయన్ని అడిగాను, ఎదుటి పార్టీవాడు కదా, ఎట్లా ఉంది అని. “ఆయనకి బాకీ ఉండింది. తీర్చినారు. ఎవరు తీరిస్తే ఏంది?” అన్నాడు.

ఇప్పుడీ ఎన్నికకి చట్టం బాగా గట్టిపడింది. 1974లో అభ్యర్థికి పదిమంది ప్రతిపాదకులు, పదిమంది బలపరిచేవాళ్లు ఉండాలన్నారు. 1997లో ఆ సంఖ్య యాభై, యాభై అయింది. 1969లో లాగా పదిహేనుమంది బ్యాలెట్ మీదికి రావడం ఇక కష్టం. ఒకటి మాత్రం మారలేదు. 1985లో ఫిరాయింపుల చట్టం వచ్చినా రాష్ట్రపతి ఎన్నికకి అది వర్తించదు. పార్టీలు విప్ ఇవ్వకూడదు. ఓటు రహస్యం. ఎమ్మెల్యేకి, ఎంపీకి తన మనసు ప్రకారం నడిచే స్వేచ్ఛ పూర్తిగా ఉన్న ఎన్నిక ఇది.

ఆ స్వేచ్ఛతో ఏం చేశారో 2022 చెప్తుంది. ఇప్పుడు మన ఎమ్మెల్యే ఓటు విలువ 159. ద్రౌపది ముర్ము, యశ్వంత్ సిన్హా పోటీ పడ్డ ఆ ఎన్నికలో ఆంధ్రప్రదేశ్ శాసనసభ నుంచి సిన్హాకి పడిన ఓట్లు సున్నా. రోజూ ఒకరినొకరు తిట్టుకునే అధికారపక్షం, ప్రతిపక్షం ఒకే పేరు ఎదురుగా ఒకటి అంకె వేసి వచ్చాయి. ముర్ము అభ్యర్థిత్వానికి గొప్ప అర్థం ఉంది, ఆదివాసీ స్త్రీ ఆ భవనంలోకి వెళ్లడం చిన్న సంగతి కాదు. నేనడిగేది వేరు. ఆ రెండు పార్టీల కోసం ఊళ్లో కొట్టుకునే మనిషికి ఆ ఎన్నికలో ఏం మిగిలింది? ఎవరి అరుగు మీదా ఎవరూ అరుచుకోలేదు. తన ఊరి ఓట్లు ఎన్నో, అవి ఎటు పోయాయో ఎవరూ లెక్క వెయ్యలేదు.

పార్టీ పిచ్చి గురించి మనం చాలా చెడుగా మాట్లాడుకుంటాం. ఫోన్లో రోజూ చూసే బూతులకి ఆ మాటలు తగినవే. కానీ పార్టీని నమ్ముకున్న మనిషికి ఒక అర్హత ఉంటుంది. ఆ పార్టీ మాట తప్పినప్పుడు తెలిసేది, నొప్పి పుట్టేది అతనికే. ఏ పార్టీ అయితే ఏంటి అనుకునేవాడికి 14,650 ఒక అంకె. మా నాయనకి అది మనోళ్లు వెయ్యని ఓట్లు. ఎమ్మెల్యేలకి చట్టం ఇచ్చిన మనస్సాక్షి ఏ కారణం వల్లనో నిద్రపోతే, దాన్ని లేపాల్సింది ఇలాంటి ఓటరే. “మన రెండు ఓట్లూ ఎటేసినావయ్యా?” అని మొహం మీద అడగగలిగినవాడు.

మా ఊరి జనాభా ఇప్పుడు పెరిగింది. ఎమ్మెల్యే ఓటు విలువకి మాత్రం ఇవాళ్టికీ 1971 జనాభా లెక్కే ఆధారం. కాబట్టి అయ్యవారి పద్ధతిలో చూస్తే మా వాటా ఇంకా ఆ రెండు ఓట్లే, మహా అయితే కొసరు. వచ్చే రాష్ట్రపతి ఎన్నిక 2027లో.